నిల్లు, నిల్లు… ఇయ్

పోయిన నెలలో ఒక సాయంత్రం శిరీష మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే నా ముందు ఫోను పెట్టి, "మేడమ్, దీంట్లో ఒక పేరు కొట్టేయల్ల. ఎవురిని కొట్టేయల్లో మీరే చెప్పండి" అంది. శిరీష ఒకప్పుడు నా దగ్గర హాకీ నేర్చుకున్న పిల్ల. నేను బడిలో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యాక ధర్మవరం ఆడపిల్లల జట్టును తనే నడిపిస్తోంది. హిందూపురంలో పోటీలు. పద్దెనిమిది మందిని తీసుకుపోవచ్చు, ఫోనులో పంతొమ్మిది పేర్లున్నాయి. ముందుకు ఉరికి గోలు కొట్టేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు. వెనక నిలబడి గోలును కాపాడే బ్యాకులు మాత్రం నలుగురే. ఆ నలుగురిలో ముగ్గురు పదహారేళ్ళు దాటని పిల్లలు. నాలుగో పేరు సమీనా. ఇరవై నాలుగేళ్ళది, పగలంతా పట్టుచీరల అంగట్లో చీరలు మడతపెట్టి సాయంత్రం మైదానానికి వస్తుంది. మోకాలు నొప్పి, పరుగు తగ్గింది. శిరీష వేలు ఆ పేరు మీదే ఆగి ఉంది. అంటే నన్ను అడగడానికి రాలేదు, ఔననిపించుకోవడానికి వచ్చింది.

"చిన్నపిల్లోళ్ళు ముగ్గురూ బాగా ఉరుకుతాండారు మేడమ్. సమీనా పది నిమిషాలు ఆడితే కుంటుతాది. ఆ పేరు తీసేస్తే ఇంగో ఫార్వర్డును పిల్చుకపోవచ్చు" అంది. ఆ పిల్లకు చెప్పావా అని అడిగాను. "చెప్పేదేముండాది? రేపు పొద్దున లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తా. చూసుకుంటాది" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను ముక్కోపినని శిరీషకు తెలుసు, అందుకే గబుక్కున ఫోను వెనక్కి తీసుకుంది. కాఫీ పెట్టుకొస్తానని వంటింట్లోకి పోయాను. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడి ఉంటే నాకు ముత్యాలప్ప సారు సైకిలు గుర్తుకొచ్చింది. ఎంత గుర్తుకొచ్చిందంటే, పాలు పొంగి పొయ్యి మీద పడిన సంగతి కూడా శిరీష వచ్చి చెప్పాల్సి వచ్చింది.

ముత్యాలప్ప సారు మా బడిలో డ్రిల్లు సారు, ఊరి ఆడపిల్లల హాకీ జట్టును నడిపిందీ ఆయనే. సన్నగా, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ ఈల వేసుకుని ఉండేవారు. తన పెళ్ళిలో కూడా ఆ ఈలతోనే కనిపించారని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. జట్టుకు ఎవరిని తీసుకున్నారో ఆయన ఏనాడూ నోటీసు బోర్డులో పెట్టలేదు. పేరు లేని పిల్ల ఇంటికి తానే సైకిలు మీద పోయేవారు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ పిల్లను ఎదురుగా పిలిపించుకుని, "ఈసారి నీ పేరు లేదమ్మా, ఇదీ కారణం" అని చెప్పి వచ్చేవారు. మిగిలినవాళ్ళకు ఏమీ చెప్పేవారు కాదు. సైకిలు మన ఇంటి ముందు ఆగకపోతే మనం జట్టులో ఉన్నట్టు. అందుకని పోటీలకు ముందు రెండు మూడు రోజులు మా వీధిలో ఆడపిల్లలమందరం సాయంత్రమైతే చెవులు వీధిలోనే పెట్టుకుని ఉండేవాళ్ళం. ఆయన సైకిలుకు చైను కవరు వదులైపోయి ఒక లొటలొట శబ్దం ఉండేది. ఇంటిముందుకు వచ్చేసరికి ఆ లొటలొట మెల్లబడితే చేతిలో పని అక్కడే వదిలేసేవాళ్ళం.

మా ఇల్లంటే మగ్గమే. ముందు గదిలో సగం మగ్గానిది, మిగిలిన సగంలో మేము. మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన కూర్చుంటే నడుము పైభాగమే కనిపించేది. చిన్నప్పుడు నాయనకు కాళ్ళు లేవని నేను ఒక చుట్టాలావిడతో చెప్పానట. పట్టు ఉడికించిన రోజు సోడా వాసన, వానాకాలంలో గుంటలోని చెమ్మ వాసన, వీటన్నిటి మీదా అవ్వ వక్కాకు వాసన. అవ్వ నాయనకు తల్లి. ఆమె పని పోగులు అతకడం. నిలువు పోగుల వార్పు ఒకటి చీరలుగా నేసి కోసేశాక కొత్త వార్పు ఎక్కించాలి కదా, అప్పుడు అవ్వ మగ్గం వెనక బాసింపట్టు వేసుకుని కూర్చునేది. పక్కన ఒక రేకు డబ్బాలో విబూది. వేళ్ళకు ఆ విబూది అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి ఒక్క మెలి తిప్పేది. ముడి ఉండదు, ఊడి రాదు. అట్లా వేల పోగులు. పొద్దున నుదుటికి పెట్టుకునే విబూది కూడా ఆ డబ్బాలోదే. మళ్ళీ దేవుడికి వేరే డబ్బా ఎందుకని అడిగేది.

నాయన పెద్ద అంచుల చీరలు నేసేవారు. వాటికి రెండో మనిషి కావాలి. నాయన ఇటునుంచి అడ్డపోగు నాడె విసిరితే అంచు దగ్గర కూర్చున్న మనిషి పట్టుకుని, సమయం చూసి తిరిగి ఇవ్వాలి. ఆ రెండో మనిషి మా అక్క నాగమణి. ఏడెనిమిదేళ్ళప్పటి నుంచీ అక్కడే కూర్చుంది. నాయన మితభాషి. మగ్గం మీద ఆయనవి రెండే మాటలు. అంచు పోగులు సర్దుకునేదాకా "నిల్లు, నిల్లు" అనేవారు. నాడె తిరిగి కావాల్సినప్పుడు "ఇయ్" అనేవారు. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా ఆ ఇంట్లో వినబడేది అదే, నిల్లు, నిల్లు, ఇయ్. నేను చదువుకునే పిల్లనని నన్ను కూర్చోబెట్టేవారు కాదు. నిజానికి నాకు నిదానం లేదని కూర్చోబెట్టలేదు.

మేమిద్దరం హాకీ ఆడతామన్నప్పుడు అవ్వ ఒప్పుకోలేదు. పొట్టి పావడాలూ, చేతిలో కర్రలూ ఆమెకు నచ్చలేదు. సారు మా ఇంటికి వచ్చి చాలా చెప్పారు. చివరికి, ఈ కర్ర మల్బరీ చెట్టుదని మాటల్లో అన్నారు. అవ్వ ఒక్కసారి తలెత్తి, "హిందూపురం తట్టు పట్టుపురుగులకు ఆకు ఏస్తారే, ఆ చెట్టుదేనా?" అంది. ఔనన్నారు. ఆ చెట్టు మనకు అన్నం పెట్టేదని, ఇంక అడ్డం చెప్పేదేముందని అంది. ఆనాటి నుంచి మా కర్రలకు ఆముదం పూసి గోడకు ఆనించి పెట్టడం అవ్వ పనైంది. ఎవరైనా వాటిని దాటితే తిట్టేది.

అక్క బ్యాకు. నేను ఫార్వర్డు. గోలు కొట్టేది నేను, వీధిలో పేరొచ్చేది నాకు. అక్క గురించి పక్కింటివాళ్ళు, "మీ పెద్దదాన్ని ఎనకాల నిలబెడతారంట కదా, ఆట రాదా?" అని అమ్మను అడిగేవాళ్ళు. అమ్మకు కూడా అదే అనుమానం. అక్క మాత్రం నవ్వి ఊరుకునేది. పద్దెనిమిది నిండేసరికి అక్క పరుగు తగ్గింది. పొద్దంతా మగ్గం దగ్గర ఒకే వైపు వంగి కూర్చుంటే నడుము పట్టేసేది. నాకు అప్పుడు పదిహేను. కర్రెత్తి కొడితే బంతి మైదానం దాటేది. పెనుకొండలో పోటీలు వచ్చాయి. పద్నాలుగు మందికే చోటు. ఆ సాయంత్రం అవ్వ వార్పు అతుకుతూ ఉండగా లొటలొట వచ్చి మా ఇంటి ముందు మెల్లబడింది.

ఒకే ఇంట్లో ఇద్దరం ఆడేవాళ్ళం. సైకిలు ఎవరికోసం ఆగిందో తెలియదు. అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. సారు లోపలికి వచ్చి మగ్గం పక్కన పీట మీద కూర్చున్నారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని, "మణీ, ఈసారికి నీకు వద్దమ్మా. ఎనక పద్మను నిలబెడతా. ముందరికి సరోజ వస్తాది" అన్నారు. పద్మంటే నేనే. నాకు సంతోషమైంది. ఇన్నేళ్ళకు రాస్తున్నాను కాబట్టి నిజమే రాయాలి. తీసేసింది నా పేరు కాదని తెలిసిన ఆ క్షణాన నాకు అక్క ముఖం కనిపించలేదు. తర్వాత కనిపించింది. అక్క, సరే సార్ అంది. అని, కింద పడిన పోగు కండెలు ఏరుతూ తల వంచుకుంది. ఎంతసేపు ఏరిందో. పడింది రెండే కండెలు.

అప్పుడు అవ్వ, చేతి పని ఆపకుండా, "సారూ, ఇట్ల రా" అంది. సారు లేచి వెళ్ళారు. దువ్వెన పళ్ళలాగా ఉండే పన్నెలోంచి పాత వార్పు కొసలు మూరెడు పొడుగు వేలాడుతున్నాయి. అవ్వ వాటిని చూపించింది.

"ఇవి చీరకు రావు. నేసేకి పనికి రావు. మరి యాల కోసి పారేయలేదు చెప్పు."

సారు వంగి ఒక కొసను వేలితో తాకి చూశారు.

"ఇవి ఈడుంటేనే కొత్త పోగును దీనికి అతికి లాగితే, అదే దోవ ఎంబడి పన్నెలోకి పోతాది. వీటిని ఊడబెరికి పారేస్తిమంటే, ఈ సందుల్లోకి ఒగొగ పోగూ చేత్తో దూర్చుకుంటా కూచోవల్ల. నీ పోటీలు యానాడు?"

"వచ్చే శుక్రవారం అవ్వా."

"ఊఁ" అని అవ్వ ఇంకో పోగు అతికింది.

ఆమె మగ్గం గురించి చెప్పిందో, అక్క గురించి చెప్పిందో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఆమె ఒక్కసారి కూడా మా ఆట చూడలేదు, బ్యాకంటే ఏమిటో తెలియదు. పని చేస్తుంటే ఎవరికైనా దాన్ని చూపించి చెప్పడం ఆమెకు అలవాటు. సారు మాత్రం చాలాసేపు అక్కడే గొంతుకూర్చుని ఆ వేళ్ళనే చూశారు. మజ్జిగ అట్లాగే ఉండిపోయింది. చీకటి పడబోతుంటే లేచి సైకిలెక్కారు. మరుసటి రోజు సాయంత్రం ఆ లొటలొట రెండు వీధుల అవతల సరోజ ఇంటి ముందు ఆగిందని తెలిసింది. సరోజ ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. అది కూడా రాయాలి. ఎవరో ఒకరి ఇంటిముందు సైకిలు ఆగక తప్పదు.

పెనుకొండకు ప్యాసింజరు రైల్లో పోయాం. సత్తు డబ్బాల్లో చిత్రాన్నం, ఓళిగలు, అదే బొబ్బట్లు. కొండ కింద మైదానం, అంతా గరుకు రాళ్ళు, కోట గోడ తట్టు నుంచి దుమ్ము లేపే గాలి. మా మీదికి హిందూపురం జట్టు. వాళ్ళలో గాయత్రి అనే పొడుగు పిల్ల బంతి తీసుకుని వస్తే ఆపడం ఎవరి తరమూ కాదని ముందే చెప్పుకున్నారు. సారు అక్కనూ నన్నూ పక్కపక్కన వెనక నిలబెట్టారు. నాకు నిలబడటం వస్తే కదా. గాయత్రి కనిపించగానే ఎదురు ఉరికాను. ఆమె ఇట్లా ఒంగి అట్లా తప్పుకుని పోయింది. రెండుసార్లు అదే పని. రెండోసారి బంతి గోలు కర్రకు తగిలి బయటికి పోయింది కాబట్టి బతికిపోయాం. అక్క నా దగ్గరికి వచ్చి, "యాడికే ఉరుకుతాండావు? ఆ యమ్మి మన ఇంటికే వస్తాంటే ఎదురు పొయ్యి పిల్చుకొస్తావా?" అంది. నాకు సిగ్గేసింది.

గాయత్రి మూడోసారి వచ్చింది. నా కాళ్ళు అప్పుడే లేవబోయాయి. పక్కనుంచి అక్క గొంతు, "నిల్లు… నిల్లు…" అంది. అది అక్క గొంతే గాని నాయన మాట. వేల రోజులు విన్న మాట కాబట్టి నా కాళ్ళు నన్ను అడగకుండానే ఆగాయి. వింతేమిటంటే, గాయత్రి కూడా ఆగింది. హిందూపురం పిల్లలకు ఇంట్లో సగం కన్నడం. నిల్లు అంటే వాళ్ళ భాషలోనూ ఆగమనే. ఎవరో పెద్దవాళ్ళు గద్దించారనుకుందో ఏమో, ఒక రెప్పపాటు ఆమె అడుగు తడబడింది. "ఇయ్" అంది అక్క. నేను బంతి లాక్కుని కొట్టాను. అట్లా నాలుగైదుసార్లు జరిగేసరికి గాయత్రి ఆట ఆపి అంపైరు దగ్గరికి పోయింది. "సార్, నన్ను నిల్లు నిల్లు అంటాండారు సార్" అని ఫిర్యాదు. పెనుకొండ అంపైరుకు నవ్వాగలేదు. "ఆ యమ్మి వాళ్ళ చెల్లెలికి చెప్తాంటే నువ్వేల నిలబడితివి తల్లీ?" అన్నాడు.

రెండో సగం మొదలైన కాసేపటికి అక్క నడుము పట్టుకుని వంగింది. సారు ఆమెను పిలిచి, మూడో బ్యాకు లక్ష్మిని లోపలికి పంపారు. ఆ రోజుల్లో బయటికి వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి పోయేందుకు లేదు. అక్క గీత అవతల నిలబడి చెబుతూనే ఉంది గాని, గాలికి సగం మాటలు కోట తట్టుకు కొట్టుకుపోయాయి. గాయత్రి మళ్ళీ వచ్చింది. ఈసారి లక్ష్మి ఎదురు ఉరకబోయింది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి, "నిల్లు… నిల్లు…" అని వచ్చింది. లక్ష్మి ఆగింది. ఎవరూ గోలు కొట్టకుండానే ఆట ముగిసింది. నాణెం ఎగరేశారు, అందులో ఓడిపోయాం. ఇంటికొస్తే అవ్వ, "గెల్చినారా?" అంది. లేదన్నాం. "ఓడినారా?" అంది. లేదన్నాం. "మరి అంత దూరం పొయ్యి ఏం చేసొచ్చినారు?" అని అడిగి, మా కర్రలు తీసుకుని ఆముదం పూయడానికి కూర్చుంది.

మరుసటి ఏడు అక్కను పెనుకొండకే ఇచ్చి పెళ్ళి చేశారు. హాకీ అక్కడితో సరి. మా కాలమే గొప్పదనే మాట నాకు గిట్టదు. మా అక్క అంత బాగా ఆడినా ఒక కాగితం ముక్క ఎవరూ ఇవ్వలేదు, ఇంకా ఆడతావా అని అడగలేదు. శిరీషకు హాకీ వల్లనే ఉద్యోగం వచ్చింది. ఈనాటి పిల్లలకు మంచి బూట్లున్నాయి, మోకాళ్ళకు డాక్టర్లున్నారు, బయటికి వచ్చి ఊపిరి తీసుకుని ఎన్నిసార్లయినా మళ్ళీ లోపలికి పోవచ్చు. అయినా జట్టు కూర్చేటప్పుడు వెనక నిలబడే మనిషిని ముందుగా కొట్టేయాలనే తొందర మాత్రం అట్లాగే ఉంది. ముత్యాలప్ప సారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తర్వాత అదే బడిలో అదే ఈల నేను వేసుకున్నాను. ఎన్ని ఇళ్ళ అరుగుల మీద కూర్చుని ఎంత మజ్జిగ తాగానో నాకే తెలుసు.

ఇదంతా కాఫీ తాగుతూ శిరీషకు చెప్పాను. సమీనాను ఉంచమని గాని తీసేయమని గాని నేను అనలేదు. "ఎవురి పేరన్నా కొట్టేయి. కొట్టేసినోళ్ళ ఇంటికి నువ్వు పో. ఆ యమ్మి ముఖం చూస్తా చెప్పు. చెప్పగలిగితే నీ లిస్టు సరైందే" అన్నాను. "మీరూ రాండి మేడమ్" అంది. రానన్నాను. రెండు రోజుల తర్వాత ఫోను చేసింది. మొదట సమీనా ఇంటికే పోయిందట. ఆ సమయానికి సమీనా అరుగు మీద గంగ అనే పిల్లకు, అంటే ముగ్గురు కొత్త బ్యాకుల్లో అందరికన్నా చిన్నదానికి, బలపంతో గీతలు గీసి ఏదో చూపిస్తూ ఉందట. శిరీషను చూసి, ఏం మేడమ్ అందట. "ఏం లే, ఇట్ల పోతా వస్తి" అని చెప్పి వెనక్కి తిరిగింది. తర్వాత ఫార్వర్డు పిల్ల శ్వేత ఇంటికి పోయింది. శ్వేత ఏడ్చింది. "నేనూ ఏడిస్తి మేడమ్. వాళ్ళమ్మ ఇద్దరికీ నీళ్ళిచ్చె" అంది. ఇప్పుడు ఆ శ్వేత రోజూ గంట ముందే మైదానానికి వస్తోందట, శిరీష మీద కోపంతో.

పోయిన ఆదివారం హిందూపురం పోయాను. పెనుకొండలో అక్క అదే రైలెక్కింది. మోకాలి ఆపరేషనయ్యాక ఇదే మొదటి ప్రయాణం. ఒక చేతిలో ఊతకర్ర, ఇంకో చేతిలో ఓళిగల డబ్బా. ఇద్దరం నీడ చూసుకుని కుర్చీల్లో కూర్చున్నాం. ధర్మవరం మీదికి హిందూపురమే. సమీనాను శిరీష ఐదేసి నిమిషాలు లోపలికి పంపింది, ఒకసారి ఒక చిన్నపిల్ల పక్కన, ఇంకోసారి ఇంకొకరి పక్కన. సగం ఆట అయ్యేసరికి సమీనా మోకాలికి మంచుగడ్డ కట్టుకుని బయట కూర్చుంది. లోపల ముగ్గురూ చిన్నపిల్లలే. హిందూపురం పిల్ల ఒకతి బంతితో దూసుకొచ్చింది. మా పిల్ల ఒకతి ఎదురు ఉరకబోయింది.

"నిల్లు… నిల్లు…"

సన్నటి గొంతు, గంగది. ఉరకబోయిన పిల్ల ఆగింది. దూసుకొచ్చే హిందూపురం పిల్ల అడుగు కూడా ఒక రెప్పపాటు తడబడింది. "ఇయ్" అంది గంగ. బంతి చేతులు మారింది. బయట సమీనా మంచుగడ్డ పట్టుకునే లేచి నిలబడింది.

అక్క ఓళిగ తినడం ఆపేసింది. గంగ ఇంట్లో మగ్గం లేదు, వాళ్ళ నాయన లారీ నడుపుతాడు. ఆ మాట ఏ చోట పుట్టిందో ఆ పిల్లకు తెలిసే దారి లేదు.

"అది నాయన మాట కదే పద్మా. ఆ యమ్మికి యాడ దొరికె? నువ్వు నేర్పిస్తివా?"

"నేను శిరీషకు చెప్తి. శిరీష సమీనాకు చెప్పె. సమీనా ఈ యమ్మికి చెప్పినట్టుండాది."

అక్క మళ్ళీ గంగ వైపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు గాని తుడుచుకోవలసినంత తడి ఉంది. తర్వాత ఊతకర్రను కుర్చీకి ఆనించి, డబ్బా నా ఒళ్ళో పెట్టి, కొంచెం ముందుకు జరిగి కూర్చుంది.

"అట్లయితే సారు నా పేరు ఇంగా కొట్టేయలేదన్నమాట" అంది.